కొలువుకూ కుటీరానికీ నడుమ: తాంగ్ కవి బై జూయి

ఆన్ లూషాన్ తిరుగుబాటు (755–763) తాంగ్ సామ్రాజ్యాన్ని ఎలా కుంగదీసిందో, ఆ ఎనిమిదేళ్ల అల్లకల్లోలం దూ ఫూ కవిత్వంలోకి ఎలా ప్రవేశించిందో గత భాగం వివరించింది. తిరుగుబాటు అణగిన తొమ్మిదేళ్లకు, అంటే 772లో, హెనాన్ సీమలోని షిన్‌జెంగ్‌లో పుట్టిన బై జూయి ఆ విధ్వంసాన్ని కళ్లారా చూడకపోయినా, దాని పర్యవసానాలను జీవితమంతా అనుభవించిన తరానికి చెందినవాడు. పాడైన రాజ్యాన్ని బాగుచేయడానికి పూనుకోవాలా, లేక దానికి దూరంగా జరిగి తన మనసును తాను కాపాడుకోవాలా అన్న ప్రశ్న చైనా విద్యావంతులకు కొత్తది కాదు. కానీ ఆ ప్రశ్ననే తన కవితలను విభజించుకునే సూత్రంగా చేసుకుని, తుదికంటా దానితోనే మల్లగుల్లాలు పడిన కవి బై జూయి వంటివాడు మరొకడు అరుదు.

ఆ ప్రశ్నకు మూలం కన్ఫ్యూషియస్ సంప్రదాయంలోనే ఉంది. ఆ సంప్రదాయంలో కన్ఫ్యూషియస్ తరువాత అంతటి గౌరవం పొందిన క్రీ.పూ. 4వ శతాబ్దపు ఆచార్యుడు మెన్షియస్, విద్యావంతుడికి రెండు స్థితులను చూపించాడు. పదవి లభించి మాట చెల్లే రోజుల్లో లోకమంతటికీ మేలు చేయాలి. చెల్లని రోజుల్లో కనీసం తన నడవడినైనా ఒంటరిగా నిర్మలంగా నిలుపుకోవాలి. మొదటి స్థితిలో ఏం చేయాలో, అంటే రాజుకు హితవు ఎలా చెప్పాలో, పన్ను ఎంత వేయాలో, ప్రజలను ఎలా సాకాలో కన్ఫ్యూషియస్ గ్రంథాలు విస్తారంగా బోధిస్తాయి. రెండో స్థితికి చేరిన మనిషి తన పగళ్లనూ రాత్రులనూ ఎలా గడపాలో, అవమానాన్ని ఏ మనసుతో మోయాలో అవి చెప్పింది తక్కువ. ఆ ఖాళీని నింపినవి లావోజు, జువాంగ్‌జుల పేరిట వెలసిన తావో గ్రంథాలు. తావో అంటే లోకం తనంతట తాను నడిచే తీరు. ఆ నడకకు అడ్డుపడకుండా, బలవంతపు పూనిక లేకుండా మెలగడాన్ని ఆ గ్రంథాలు 'వూ వెయ్' అన్నాయి. ఉన్నది చాలునన్న ఎరుకే ఐశ్వర్యమని లావోజు గ్రంథం చెప్తే, గొప్ప, చిన్న, గెలుపు, ఓటమి అనే భేదాలు చూసేవాడు నిలబడిన చోటును బట్టి మారేవే తప్ప వస్తువుల్లో ఉన్నవి కావని జువాంగ్‌జు గ్రంథం వాదించింది.

కొలువులో ఉన్నప్పుడు కన్ఫ్యూషియస్, కొలువు పోయినప్పుడు లావోజు అన్న సులువైన సూత్రంతో చైనా కవుల జీవితాలను రెండుగా కోసి చూపడం సాహిత్య చరిత్రల్లో పరిపాటి. ఆ కోతకు అందరికంటే చక్కగా ఒదిగే ఉదాహరణగా బై జూయిని చూపుతారు: 815లో ప్రవాసానికి వెళ్లేదాకా ఆయన నిప్పులాంటి సంస్కర్త అనీ, ఆ తరువాత ముప్పయ్యేళ్లూ చెరువు గట్టున మద్యం తాగుతూ కాలక్షేపం చేసిన వేదాంతి అనీ ఆ కథనం సారాంశం. ఆయన జీవితాన్ని తేదీల వారీగా పరిశీలిస్తే ఈ కథనం సగమే నిజమని తేలుతుంది. విరక్తి ఆయన ప్రజాసేవను ఆపలేదు. ఆ సేవ జరిగే చోటును, దాని పరిమాణాన్ని మార్చింది. చక్రవర్తిని దిద్దబోయిన మనిషి, చెరువులో నీటిని అంగుళాల లెక్కన కొలిచే మనిషిగా మారాడు. ఆ మార్పులో పోగొట్టుకున్నది ఎంతో, దక్కినది ఎంతో తూచడమే ఈ భాగం ఉద్దేశం.

బై జూయి బాల్యం నాటికి చాంగాన్ నగరంలోని చక్రవర్తి పేరుకు సమస్త దేశానికీ ప్రభువే అయినా, హెబెయ్ ప్రాంతపు దండనాయకులు పన్నులు పంపకుండా, పదవులను కొడుకులకు కట్టబెట్టుకుంటూ స్వతంత్రులై కూర్చున్నారు. రాజధానిలోని అంగరక్షక సేన అంతఃపుర ఖోజాల చేతికి చిక్కింది. ఖజానా నింపుకోవడానికి 780లో ప్రవేశపెట్టిన కొత్త విధానంలో పన్నును ఏడాదికి రెండు విడతలుగా, వేసవిలోనూ ఆకురాలు కాలంలోనూ, నాణేల లెక్కన నిర్ణయించేవారు. రైతు చేతికి వచ్చేది ధాన్యం, పట్టు, నారబట్ట మాత్రమే కాబట్టి, నాణేలకు కరువు వచ్చి సరుకుల ధరలు పడిపోయినప్పుడల్లా అదే పన్నుకు రైతు మరింత పంటనూ మరిన్ని గజాల బట్టనూ అమ్ముకోవలసి వచ్చేది. చిన్న అధికారి ఇంట పుట్టి, యుద్ధాల వల్ల దక్షిణాదికి తరలిపోయిన కుటుంబంతో ఊళ్లు తిరిగిన బై జూయికి ఇది పుస్తకాల్లో చదివిన సంగతి కాదు.

800లో జిన్‌షి పరీక్ష, అంటే కొలువుకు దారి తెరిచే అత్యున్నత సాహిత్య పరీక్ష, నెగ్గిన పదిహేడుగురిలో చైనీయుల లెక్కన ఇరవై తొమ్మిదేళ్ల బై జూయే అందరికంటే చిన్నవాడు. మరో మూడేళ్లకు ఎంపిక పరీక్షలో నెగ్గి, రాజ గ్రంథాలయంలో ప్రతులను సరిచూసే ఉద్యోగంలో చేరినప్పుడు ఆయన నెలజీతం పదహారు వేల నాణేలు. జీవితకాల మిత్రుడైన కవి యువాన్ జెన్ తోడైనది కూడా అప్పుడే. 806లో చక్రవర్తి ప్రత్యేకంగా జరిపించిన పరీక్షకు తయారు కావడానికి ఆ ఇద్దరూ ఉద్యోగాలు వదిలి, చాంగాన్‌లోని హువాయాంగ్ మఠంలో మకాం పెట్టారు. అది తావో మఠం. తావో సన్యాసినుల ఆవరణలో తలుపులు మూసుకుని, పన్నులు, సైన్యం, న్యాయం, ఉద్యోగ నియామకాల మీద బై జూయి రాసుకున్న 75 నమూనా వ్యాసాలు ఆయన గ్రంథావళిలో ఇప్పటికీ ఉన్నాయి. రెండు దారుల మధ్య తరువాతి విమర్శకులు గీసినంత గట్టి గీత ఆ కాలపు మనుషుల నిత్యజీవితంలో లేదనడానికి ఆ మఠం గది ఒక్కటే చాలిన సాక్ష్యం.

పరీక్ష నెగ్గిన తరువాత రాజధానికి పడమటనున్న జౌజీ తాలూకాలో పన్ను వసూళ్లూ శాంతిభద్రతలూ చూసే చిన్న అధికారిగా ఆయనకు నియామకం జరిగింది. అక్కడ 807 వేసవిలో గోధుమ కోతలను చూసి రాసిన కవితలో ఒక పేదరాలు చంకన బిడ్డతో, చేతిలో బుట్టతో కోత కోసిన చేలో పరిగె ఏరుకుంటూ కనిపిస్తుంది. ఉన్న పంటంతా పన్ను కిందకే పోయిందనీ, ఇక కడుపు నింపుకోవడానికి ఈ గింజలే దిక్కనీ ఆమె చెప్తుంది. ఆ కవిత అక్కడితో ఆగి ఉంటే జాలి కవితగానే మిగిలేది. కవి ఆ వెంటనే తన వైపు తిరిగి, నాగలి పట్టని తనకు ఏటా మూడు వందల షి ధాన్యం జీతంగా వస్తోందనీ, ఏడాది చివరికి ఇంకా మిగులుతోందనీ లెక్క చెప్పి సిగ్గుపడ్డాడు. పన్ను వసూలు చేసే అధికారే ఆ పన్ను ఎక్కడికి చేరుతున్నదో తన గాదెను చూపించి చెప్పిన కవిత అది. తన రాబడిని అంకెలతో సహా కవిత్వంలోకి తెచ్చే ఈ అలవాటు ఆయనను చివరిదాకా వదలలేదు. 12వ శతాబ్దపు పండితుడు హోంగ్ మాయ్ ఆ జీతాల ప్రస్తావనలన్నిటినీ ఏరి ఒకచోట చేర్చగలిగాడంటే అవి ఎంత విరివిగా ఉన్నాయో ఊహించవచ్చు.

808లో బై జూయికి దక్కిన పదవి హోదాలో చిన్నదే గాని బాధ్యతలో పెద్దది. చక్రవర్తి ఆజ్ఞల్లో పొరపాటు కనిపిస్తే గుర్తుచేసి, సరిదిద్దవలసిందిగా విజ్ఞాపన పెట్టడమే ఆ అధికారి పని. షియెన్‌జోంగ్ చక్రవర్తి (పాలన 805–820) ఖోజా తూతూ చెంగ్‌ట్సుయిని సేనానాయకుడిగా ఉత్తరాది దండయాత్రకు పంపినప్పుడు బై జూయి గట్టిగా వ్యతిరేకించాడు. మరో సందర్భంలో చక్రవర్తి ముఖం మీదే ఆయనది తప్పు అనేయడంతో ప్రభువు ఆగ్రహించగా, సహచరుడు లీ జియాంగ్ అడ్డుపడి కాపాడవలసి వచ్చింది. 809లో అనావృష్టి వచ్చినప్పుడు పన్ను మాఫీ చేయాలనీ, అంతఃపురంలో అవసరానికి మించి ఉన్న స్త్రీలను విడిచిపెట్టాలనీ ఆ ఇద్దరూ చేసిన విజ్ఞప్తులను చక్రవర్తి మన్నించాడు. కన్ఫ్యూషియస్ సంప్రదాయం కోరే సలహాదారు ఇంతకంటే ఏం సాధించగలడు? అయితే అదే ఏడాది ఆయన రచించిన 'కొత్త యూఫూ' అనే యాభై కవితల మాలలో (యూఫూ అంటే ఒకప్పుడు ప్రజల పాటలను సేకరించిన ఆస్థాన సంగీత శాఖ; ఆ ఫక్కీలో రాసిన కవితలకూ అదే పేరు) దూలింగ్ ముసలి రైతు గురించిన కవిత మరో ముఖాన్ని చూపిస్తుంది. ఊరి గుమ్మం మీద మాఫీ ఉత్తర్వు అతికించేనాటికి పదిళ్లలో తొమ్మిదిళ్లు పన్ను కట్టేసి ఉంటాయి. మాఫీ కోసం పోరాడిన అధికారీ, ఆ మాఫీ గుమ్మానికి చేరేలోపు ఎలా వట్టిదైపోయిందో నమోదు చేసిన కవీ ఒకరే కావడంలో బై జూయి యౌవనంలోని నిజాయితీ అంతా కనిపిస్తుంది. ఆజ్ఞ జారీ కావడానికీ అది అమలు కావడానికీ నడుమ ఉన్న ఆ జాప్యాన్ని ఆయన మరచిపోలేదు. పదిహేనేళ్ల తరువాత హాంగ్‌జౌలో ఆయన చేసిన పనికి ఆ జ్ఞాపకమే పునాది.

811లో తల్లి మరణించడంతో, ఆచారం ప్రకారం ఉద్యోగం వదిలి, వెయ్ నది ఒడ్డున సొంత ఊరిలో మూడేళ్ల మైల పాటించాడు. వ్యవసాయం చూసుకుంటూ, జబ్బుపడుతూ, యువాన్ జెన్ పంపిన డబ్బుతో సంసారం ఈదుతూ గడిపిన ఆ కాలంలోనే, అయిదు దోసెళ్ల బియ్యం జీతం కోసం నడుం వంచలేనని కొలువు వదిలి పల్లెకు పోయాడని ప్రసిద్ధికెక్కిన కవి తావో యువాన్‌మింగ్ (మరణం 427) బాణీలో పదహారు కవితలు రాశాడు. ఈ కవితలు ప్రవాసానికి ముందరివన్న సంగతి గుర్తుంచుకోదగినది. విరక్తి ఓడిపోయినవాడు చివరికి వెతుక్కున్న ఓదార్పు అన్న కథనానికి ఈ తేదీ అడ్డం వస్తుంది.

ఇక 815 నాటి దెబ్బ. ఆ ఏడాది ఆరో నెలలో, తెల్లవారకముందే ఆస్థానానికి బయలుదేరిన ముఖ్యమంత్రి వూ యువాన్‌హెంగ్‌ను చాంగాన్ వీధిలోనే హంతకులు నరికి చంపారు. మరో ప్రముఖుడు పెయ్ దూ గాయాలతో బయటపడ్డాడు. తిరుగుబాటు దండనాయకుల మీద యుద్ధాన్ని సమర్థించినందుకు జరిగిన ఆ హత్యతో రాజధాని వణికిపోయి అందరూ నోళ్లు మూసుకుంటే, హంతకులను వెంటనే పట్టుకోవాలని మొట్టమొదట విజ్ఞాపన పంపినవాడు బై జూయి. అప్పటికి ఆయన యువరాజు పరివారంలో ఉద్యోగి. ఆస్థాన విషయాల్లో ముందుగా నోరు విప్పడం హద్దు మీరడమేనని శత్రువులు నేరం మోపారు. అది చాలదన్నట్టు, పూలు చూస్తూ బావిలో పడి చనిపోయిన తల్లికి కొడుకై ఉండి పూల మీద, బావి మీద కవితలు రాశాడంటూ మాతృద్రోహాన్ని కూడా అంటగట్టారు. మొదట ఒక దూర ప్రాంతానికి అధిపతిగా పంపాలని నిర్ణయించగా, అటువంటివాడు ప్రజలను పాలించడానికి తగడని వాంగ్ యా అనే అధికారి అభ్యంతరం చెప్పడంతో, యాంగ్‌త్సీ ఒడ్డునున్న జియాంగ్‌జౌకు 'సీమా' హోదాలో, అంటే పేరుకు మాత్రమే ఉండే ఉపాధికారిగా పంపారు. మాతృద్రోహమన్న నింద కన్ఫ్యూషియస్ నీతిశాస్త్రం చేతికిచ్చిన ఆయుధం. జీవితమంతా ఆ నీతిని నమ్మినవాడిని ఆ ఆయుధంతోనే కొట్టడంలోని క్రూరత్వం మామూలుది కాదు.

ఆ చలికాలంలో యువాన్ జెన్‌కు రాసిన సుదీర్ఘ లేఖలో బై జూయి తన కవితలు సుమారు ఎనిమిది వందలను నాలుగు తరగతులుగా విడదీశాడు: లోకంలోని అన్యాయాన్ని ఎత్తిచూపే హితోక్తి కవితలు నూటయాభై, తీరిక వేళల కవితలు వంద, మనసు కరిగి రాసినవి వంద, మిగిలినవి నాలుగు వందల పైచిలుకు. మొదటి తరగతి లోకానికి మేలు చేయాలన్న సంకల్పానికీ, రెండోది తన నడవడిని తాను నిలుపుకోవాలన్న నియమానికీ చెందుతాయని చెప్పి, మెన్షియస్ చెప్పిన రెండు స్థితులను తన పుస్తకానికి చట్రంగా బిగించాడు. ఈ విభజనలో గమనించవలసింది ఒకటుంది. రెండు తరగతులూ ఒకదాని తరువాత ఒకటి వచ్చినవి కావు; ఒకే మనిషి ఒకే దశాబ్దంలో, ఒక్కోసారి ఒకే నెలలో, రెండు రకాలూ రాశాడు. లోకం మాత్రం ఈ రెంటినీ పట్టించుకోకుండా, తాను అంతగా లెక్కచేయని ప్రేమ కావ్యాలనే నెత్తిన పెట్టుకుంటోందన్న బాధనూ ఆ లేఖ దాచలేదు.

సీమా పదవిలో పని లేదు గాని జీతం ఉంది. ఏటా కొన్ని వందల షి ధాన్యం, నెలకు అరవై డెబ్బై వేల నాణేలు. ఊరు బాగుపడితే ఆ ఘనత సీమాది కాదు, చెడిపోతే ఆ నేరమూ సీమాది కాదు అని జియాంగ్‌జౌ కచేరీ గోడ కోసం రాసిన వ్యాసంలో ఆయనే వివరించాడు. బాధ్యత లేని ఆ తీరికలో, 817లో, లూషాన్ పర్వతం మీద ధూపశిఖరమనే పేరున్న కొమ్ము కింద ఒక గడ్డి కుటీరం కట్టుకున్నాడు. మూడు అంకణాల ఇల్లు. రంగు పూయని కొయ్య, సున్నం వేయని మట్టి గోడలు, కాగితం అంటించిన కిటికీలు, వెదురు చాపల తెరలు. లోపల నాలుగు చెక్క పీటమంచాలు, బొమ్మలు లేని రెండు అడ్డుతెరలు, లక్క పూసిన ఒక తంత్రీవాద్యం, ఇక కన్ఫ్యూషియస్, తావో, బౌద్ధ గ్రంథాలు ఒక్కో సంప్రదాయానికి రెండు మూడు చుట్టల చొప్పున ఉన్నాయని ఆయన స్వయంగా రాసిన జాబితా చెప్తుంది. మూడు సంప్రదాయాల గ్రంథాలూ ఒకే గూటిలో, సమానమైన సంఖ్యలో ఉండడం యాదృచ్ఛికం అనుకోనక్కరలేదు. బై జూయి విరక్తిలో జువాంగ్‌జు ఎంత ఉన్నాడో చాన్ (ధ్యాన) బౌద్ధమూ అంతే ఉంది. సంసారంలో ఉంటూనే జ్ఞాని అయిన వైశాలి నగర గృహస్థుడు విమలకీర్తి, భారతదేశం నుంచి చైనాకు చేరిన సూత్రగ్రంథం ద్వారా, ఆయనకు జీవితాంతం ఆదర్శంగా నిలిచాడు.

తావో మార్గానికి మరో ముఖం రసవాదం: ఇంగిలీకాన్నీ సీసాన్నీ పుటం పెట్టి చావులేని మందు తయారుచేయవచ్చన్న నమ్మకం. లూషాన్‌లో గువో షూజౌ అనే తావో గురువు దగ్గర బై జూయి అదీ ప్రయత్నించాడు. మట్టి వేదిక కట్టి, మూస అమర్చి, మంటను కనిపెట్టుకుని కూర్చున్నా, సెగ హెచ్చుతగ్గులై పాదరసమంతా పొగతో పాటు ఎగిరిపోయిందనీ, పొయ్యి ఆరిన మర్నాడే కొత్త పదవికి రమ్మని రాజపత్రం వచ్చిందనీ తరువాతి కవితలో చెప్పుకున్నాడు. ఆ వైఫల్యం ఆయనకు మేలే చేసింది. గంధకం, పాదరసం కలిసిన అటువంటి మందులు తిని తన మిత్రులు ఒక్కొక్కరే రాలిపోయారనీ, అటువంటివి ముట్టని తాను మాత్రం మిగిలాననీ 834 నాటి కవితలో తలచుకున్నాడు. ఆ శతాబ్దంలో ఒకరికి మించిన తాంగ్ చక్రవర్తులు ఆ మందులకే బలయ్యారు. బై జూయి తావో మార్గంలో నిలిచినది మందు కాదు, 'చాలు' అన్న ఎరుక ఒక్కటే.

రాజపత్రం పిలిచిన చోటు యాంగ్‌త్సీ కనుమల పైనున్న జోంగ్‌జౌ అనే మారుమూల ప్రాంతం. అక్కడ ఊరికి తూర్పు వాలున పండ్ల మొక్కలూ పూల మొక్కలూ నాటి, వాటి మీద రాసిన కవితలో, కొమ్మ పచ్చగా ఉండాలంటే వేరుకు మట్టీ నీరూ పెట్టినట్టు, ప్రజలు చల్లగా ఉండాలంటే పన్నులను సమంగా వేసి శిక్షలు సడలించాలని అన్నాడు. మొక్కను దాని స్వభావానికి వదలాలన్న తావో బుద్ధీ, పన్ను సమంగా వేయాలన్న కన్ఫ్యూషియస్ విధీ అక్కడ ఒకే వాక్యంలో ఇమిడిపోయాయి. 820లో రాజధానికి పిలుపు వచ్చినా, ముఠాల కొట్లాటల్లో తన మాట చెల్లదని రెండేళ్లలో తేల్చుకుని, తానే కోరి 822లో హాంగ్‌జౌకు అధిపతిగా వెళ్లాడు.

హాంగ్‌జౌ పడమటి చెరువు నేడు విహారస్థలంగా ప్రపంచానికి తెలుసు. ఆనాడు అది, ఛియెన్‌తాంగ్ చెరువు అన్న పేరుతో, వెయ్యి ఛింగ్‌లకు పైబడిన ఆయకట్టుకు ఆధారం. ఒక ఛింగ్ నేటి లెక్కలో పదమూడు ఎకరాల పైమాటే. బై జూయి కట్టను కొన్ని అడుగుల ఎత్తు పెంచి నీటి నిల్వను హెచ్చించి, 824 మూడో నెలలో, పదవీకాలం ముగియబోతుండగా, చెరువు నిర్వహణ మొత్తాన్నీ రాసి రాతి మీద చెక్కించాడు. కవి రాశాడని తెలియకపోతే ఎవరో అనుభవజ్ఞుడైన నీటిపారుదల అధికారి రాశాడనుకునే శాసనం అది. చెరువు చుట్టుకొలత ముప్పై లీలు. ఉత్తరాన రాతి తూము, దక్షిణాన వెదురు గొట్టపు కాలువ. నీటి మట్టం ఒక అంగుళం దిగితే పదిహేను ఛింగ్‌లకు పైగా తడుస్తుంది. ఒక పగలూ రాత్రీ వదిలితే యాభై ఛింగ్‌లకు పైగా పారుతుంది. నీరు వదిలేటప్పుడు నమ్మకస్తులైన ఇద్దరు ఉద్యోగులను ఎంచి, ఒకరిని చేను దగ్గర, ఒకరిని చెరువు దగ్గర నిలబెట్టి, రైతులతో కలిసి విస్తీర్ణాన్ని బట్టి రోజూ గంటా అంగుళమూ నిర్ణయించుకుని వదలాలి.

ఆ శాసనంలోని అసలు విలువ ఈ అంకెల తరువాత వచ్చే భాగంలో ఉంది. ఎండలు ముదిరినప్పుడు నీటి కోసం రైతు పెట్టుకున్న అర్జీ ప్రాంత కచేరీకి వెళ్లి, అక్కడినుంచి తాలూకాకు, తాలూకా నుంచి గ్రామానికి ఉత్తర్వు దిగేసరికి పది రోజులు పడుతుందనీ, అప్పుడు నీరు వచ్చినా ఎండిపోయిన పైరు బతకదనీ, అందువల్ల ప్రాంతాధిపతి నేరుగా అనుమతి ఇచ్చేయాలనీ ఆయన నియమం పెట్టాడు. దూలింగ్ రైతు గుమ్మానికి ఆలస్యంగా చేరిన మాఫీ ఉత్తర్వు గురించి రాసిన కవి, ఈసారి ఆ ఆలస్యం జరిగే మెట్లనే తీసేశాడు. నీరు వదిలితే చేపలకూ డ్రాగన్లకూ చోటు ఉండదనీ, చెరువులోని తిండి మొక్కలు చెడతాయనీ తాలూకా అధికారులు సాకులు చెప్తారని హెచ్చరించి, చేపల ప్రాణం ముఖ్యమా మనుషుల ప్రాణం ముఖ్యమా, నీటి మొక్కల లాభం ఎక్కువా వరి లాభం ఎక్కువా అని నిలదీశాడు. చెరువు లోపలి శిఖం భూములు పన్ను లేనివి కాబట్టి, వాటిని సాగుచేసేవారు కాపలాదార్లతో కుమ్మక్కై నీటిని దొంగతనంగా బయటికి వదిలేస్తారనీ, అవసరం లేనప్పుడు తూమునూ కాలువనూ గట్టిగా మూసి కనిపెట్టాలనీ చెప్పాడు. వరద ముంచెత్తినప్పుడు కట్ట తెగకుండా దక్షిణాన ఉన్న అలుగు మీదుగా నీరు పోనివ్వాలన్న సూచన కూడా అందులో ఉంది. పడమటి చెరువులో నేడు బై పేరుతో పిలిచే కట్ట ఆయన రాకముందే ఉన్నదనీ, ఆయన కట్టించినది వేరే చోట ఉండి కాలగర్భంలో కలిసిపోయిందనీ చరిత్రకారులు తేల్చారు. జనం మాత్రం ఆయన పేరును ఉన్న కట్టకు పెట్టి నిలుపుకున్నారు.

విరక్తి నేర్పిన పాఠం ఈ శాసనంలో లేదనలేము. మాట చెల్లని చోట గొంతు చించుకోకుండా పక్కకు జరిగి, పని సాగే చోటును వెతుక్కోవడం వూ వెయ్ బోధకు దూరమైనది కాదు. అయితే ఆ జరగడానికి చెల్లించిన మూల్యమూ ఉంది. 815 తరువాత ఆయన కలం నుంచి కొత్త యూఫూ స్థాయి నిరసన మళ్లీ రాలేదు. సూజౌలో ఏడాదికి పైగా పాలించి, అక్కడినుంచి పులికొండ దాకా కాలువా బాటా వేయించి, రాజధానిలో కొంతకాలం పెద్ద పదవులు చేసి, 829లో యువరాజు పరివారంలోని పనిలేని పదవితో లోయాంగ్‌లో శాశ్వతంగా స్థిరపడ్డాడు. అక్కడ 'నడిమి ఏకాంతం' అన్న సిద్ధాంతం చెప్పాడు: రాజసభలో ఉంటూ ఏకాంతం పాటించేవాడు గొప్పవాడే గాని అక్కడ గోల ఎక్కువ, కొండల్లోకి పోయేవాడికి ఆకలి ఎక్కువ, కాబట్టి చిన్న పదవిలో, జీతం తీసుకుంటూ, ఎవరి కంటా పడకుండా బతకడమే మేలు అని దాని సారం. పదిహేడు 'మూ'ల (చైనా భూమి కొలత) స్థలంలో మూడో వంతు ఇల్లు, అయిదో వంతు కొలను, తొమ్మిదో వంతు వెదురు వనం; హాంగ్‌జౌ నుంచి తెచ్చుకున్న కొంగ, సూజౌ నుంచి తెచ్చుకున్న తెల్ల తామర. జీతం చివరికి నెలకు లక్ష నాణేలకు చేరింది. జౌజీలో మూడు వందల షి ధాన్యానికి సిగ్గుపడిన మనిషి ఈ లక్షకు అంతగా సిగ్గుపడలేదన్నది ఒప్పుకోవలసిన సత్యం. లోయాంగ్ పాలకుడిగా ఉన్న రోజుల్లో కొత్త పట్టు కోటు తొడుక్కుని, చలికి వణికే ఊరి జనాన్ని తలచుకుని నిద్ర పట్టక, నగరమంతటినీ కప్పే కోటు ఉంటే బాగుండునని రాసిన కవితలో ఆ పాత సిగ్గు ఒక్కసారి తొంగిచూస్తుంది.

835 డిసెంబరులో, ఖోజాలను హతమార్చడానికి పన్నిన కుట్ర బెడిసికొట్టి, వారు రాజధానిలో వందలాది మందిని ఊచకోత కోసి, నలుగురు ముఖ్యమంత్రులను వారి కుటుంబాలతో సహా చంపించారు. వారిలో ఒకడు, ఇరవై ఏళ్ల కిందట బై జూయిని ప్రజలను పాలించడానికి తగడన్న వాంగ్ యా. ఆ రోజు మీద బై జూయి రాసిన కవితలో, వాళ్లు నరకబడుతున్న వేళ తాను ఒంటరిగా కొండ దారిన నడుస్తున్నానన్న మాట ఉంది. అది శత్రువు చావుకు సంతోషించడమేనని కొందరు ఆరోపిస్తే, అది దుఃఖమే తప్ప సంతోషం కాదని తరువాతి కాలపు కవి సూ షి సమర్థించాడు. సూ షి చెప్పినదే సరైనదనిపిస్తుంది. అయినా పదవిలో ఉంటే తన తలా అక్కడే తెగిపడేదన్న ఊరట ఆ కవితలో లేదనడం కష్టం.

విరక్తి ఆయనను పూర్తిగా మింగలేదనడానికి రెండు పనులు మిగిలాయి. 831లో యువాన్ జెన్ మరణించగా, సమాధి శాసనం రాసినందుకు ఆ కుటుంబం ఇచ్చిన ఆరేడు లక్షల నాణేల విలువైన కానుకను పలుమార్లు తిరస్కరించి, చివరికి లోయాంగ్ దగ్గరి షియాంగ్‌షాన్ ఆలయ మరమ్మతుకు మిత్రుడి పుణ్యార్థం ధారపోశాడు. రెండోది 844లో జరిగింది. ఉద్యోగం నుంచి తప్పుకుని, పక్షవాతం తగిలి, సగం జీతంతో బతుకుతున్న డెబ్బై మూడేళ్ల ముసలివాడు, లాంగ్‌మెన్ దగ్గర యీ నదిలోని రాతి గండ్లను తొలిపించడానికి పూనుకున్నాడు. సరుకు పడవలు ఆ రాళ్లకు తగిలి పగిలేవి. గడ్డకట్టే చలికాలంలో పడవవాళ్లు కాళ్లకు చెప్పుల్లేకుండా నీళ్లలోకి దిగి పడవలను తోస్తూ పెట్టే కేకలు రాత్రంతా వినిపించేవని ఆ పని మీద చెప్పిన కవితల పీఠికలో ఆయన రాశాడు. బై జూయి డబ్బు ఇచ్చాడు, బీదలు శ్రమ ఇచ్చారు, ఒక బౌద్ధ భిక్షువు తోడ్పడ్డాడు. చక్రవర్తి ఆజ్ఞ గాని, కచేరీ ఉత్తర్వు గాని అందులో లేదు. మాట చెల్లని స్థితిలో తనను తాను చూసుకుంటే చాలునన్న మెన్షియస్ నియమాన్ని ఇక్కడ ఆయన దాటిపోయాడు.

845లో తన రచనలను 75 సంపుటాలుగా, మొత్తం 3,840 రచనలుగా కూర్చి, అయిదు ప్రతులు రాయించి, మూడింటిని లూషాన్, సూజౌ, లోయాంగ్ ఆలయాల్లోనూ, రెంటిని సోదరుడి కొడుకు దగ్గరా కూతురి కొడుకు దగ్గరా ఉంచాడు. ఆ ఏడాదే వూజోంగ్ చక్రవర్తి బౌద్ధ ఆలయాలను కూలగొట్టించే ఆజ్ఞలు తీవ్రం చేశాడు. మరుసటి ఏడాది బై జూయి మరణించగా, కోరుకున్నట్టే లాంగ్‌మెన్ కొండ మీద సమాధి చేశారు. తరువాతి శతాబ్దాల్లో హాంగ్‌జౌ చెరువు కలుపుతో సగం పూడిపోయింది. 1090లో దానిని తవ్వించడానికి అనుమతి కోరుతూ అప్పటి ప్రాంతాధిపతి ఆస్థానానికి పంపిన విజ్ఞాపనలో, తాంగ్ కాలపు బై జూయి హయాంలో ఈ చెరువు వెయ్యి ఛింగ్‌లకు పైగా తడిపిందన్న సాక్ష్యం కనిపిస్తుంది. ఆ ప్రాంతాధిపతి సూ షి. ఆయన ప్రవాసంలో సాగుచేసుకున్న తూర్పు వాలు, ఆ వాలు నుంచి పుట్టిన దొంగ్‌పో అన్న కలంపేరు, జోంగ్‌జౌలో బై జూయి పూలు నాటిన తూర్పు వాలుతో దానికున్న బంధుత్వం వచ్చే భాగానికి విషయం.